క్షమాపణ అడిగాక కూడా వదలని అపరాధ భావం: విశ్వాసి దాని నుంచి బయటపడే మార్గం

ప్రార్థన చేశారు. కన్నీళ్లతో ఒప్పుకున్నారు. ప్రసంగంలో "యేసు రక్తము ప్రతి పాపమునుండి మనలను పవిత్రులనుగా చేయును" అని విన్నప్పుడు మనస్ఫూర్తిగా ఆమేన్ అన్నారు. అయినా రాత్రి లైట్ ఆర్పి పడుకోగానే అదే పాత సంగతి కళ్ల ముందుకొస్తుంది. "నీకు క్షమాపణా? నీ సంగతి నీకు తెలీదా?" అని లోపలి నుంచి ఎవరో అడుగుతున్నట్టు ఉంటుంది. మర్నాడు మళ్లీ అదే పాపాన్ని మొదటిసారి ఒప్పుకుంటున్నట్టే ఒప్పుకుంటారు.

ఈ మార్గదర్శి అలాంటివారి కోసం. సమస్య చాలాసార్లు విశ్వాసం చాలకపోవడం వల్ల రాదు. రెండు వేర్వేరు విషయాలు ఒకే మూటలో కట్టేసి ఉండటం వల్ల వస్తుంది. ఒకటి, నిజంగా చేసిన తప్పు. రెండోది, ఆ తప్పు పేరు చెప్పి మన మీద మనమే వేసుకున్న శిక్ష. మొదటిదాన్ని దేవుని ముందు ఒప్పుకోవాలి. రెండోదాన్ని తోసిపుచ్చాలి. మనం తరచూ తలకిందులుగా చేస్తాం. "నేను దేనికీ పనికిరానివాణ్ణి ప్రభువా" అని శిక్షను పదేపదే ఒప్పుకుంటాం, చేసిన తప్పు పేరు మాత్రం ఒక్కసారి కూడా నోటితో పలకం.

అడుగులు వరసగా చదవండి. ఒక్కరోజులో అన్నీ చేయాలని లేదు. మూడో అడుగు దగ్గరే కొన్ని వారాలు ఆగాల్సి వస్తే ఆగండి.

మొదటి అడుగు: మాట్లాడుతున్నది ఎవరో తేల్చుకోండి

కొరింథీయులకు రాసిన రెండో పత్రిక 7:10లో పౌలు రెండు రకాల దుఃఖాల గురించి చెప్తాడు. దైవచిత్తానుసారమైన దుఃఖం మారుమనస్సును కలుగజేస్తుంది, లోకసంబంధమైన దుఃఖం మరణాన్ని కలుగజేస్తుంది. రెండూ ఏడిపిస్తాయి, రెండూ నిద్ర చెడగొడతాయి. కన్నీళ్లను బట్టి ఏది ఏదో చెప్పలేం. ఆ దుఃఖం మనల్ని ఎటు తీసుకెళ్తోందో చూడాలి.

సువార్తల్లో ఒకే రాత్రి ఇద్దరు శిష్యులు యేసుకు ద్రోహం చేశారు. పేతురు మూడుసార్లు ఆయనెవరో ఎరుగనన్నాడు. యూదా ముప్పై వెండి నాణేలకు అప్పగించాడు. ఇద్దరికీ మనసు విరిగింది. యూదా పశ్చాత్తాపపడలేదని చాలామంది అనుకుంటారు కానీ, మత్తయి 27వ అధ్యాయం అలా చెప్పదు. అతను డబ్బు వెనక్కి తెచ్చాడు, "నేను నిరపరాధరక్తమును అప్పగించి పాపము చేసితిని" అని సూటిగా ఒప్పుకున్నాడు కూడా. ఎవరి దగ్గర ఒప్పుకున్నాడన్నదే విషాదం. ప్రధానయాజకులు "దానితో మాకేమి? నీవే చూచుకొనుము" అన్నారు. అతను ఒంటరిగా వెళ్లిపోయాడు, తన మీద తానే తీర్పు అమలు చేసుకున్నాడు. పేతురేమో సంతాపపడి ఏడ్చాడు కానీ మిగతా శిష్యులను వదిలి పోలేదు. యేసు సముద్రతీరాన కనబడగానే పడవ ఒడ్డుకు చేరేదాకా కూడా ఆగకుండా నీళ్లలో దూకాడు.

కాబట్టి మీలో మాట్లాడుతున్న గొంతును ఇలా పరీక్షించండి. పరిశుద్ధాత్మ ఒప్పించేటప్పుడు ఫలానా మాట, ఫలానా డబ్బు, ఫలానా అబద్ధం అని వేలు పెట్టి చూపిస్తాడు. వెళ్లి సరిచేసుకో అంటాడు. నేరం మోపే గొంతుకు వివరాలు అక్కర్లేదు. "నువ్వంతే", "నీ బతుకింతే", "నువ్వు మారవు" అంటుంది. చేయాల్సిన పనేదీ చూపించదు. బైబిలు ముట్టుకోనివ్వదు, ప్రార్థనకు మోకరించనివ్వదు, మనుషుల మొహం చూడనివ్వదు. ప్రకటన 12:10లో అపవాదికి "సహోదరులమీద నేరము మోపువాడు" అనే పేరుంది, రాత్రింబగళ్లు వాడికదే పని. అయితే ప్రతి చేదు ఆలోచననూ సాతాను ఖాతాలో వేసేయడం కూడా సరికాదు. చిన్నప్పుడు ఎప్పుడూ తిడుతూ పెంచిన పెద్దల గొంతు కూడా మనలో దేవుని స్వరంలా వినిపించవచ్చు. మూలం ఏదైనా పరీక్ష ఒకటే: ఇది నన్ను క్రీస్తు దగ్గరికి నెడుతోందా, ఆయన నుంచి దాక్కోమంటోందా?

రెండో అడుగు: కాగితం మీద పెట్టి, మూడు భాగాలు చేయండి

ఒక కాగితం తీసుకోండి. ఫోన్‌లో టైప్ చేయకుండా చేత్తో రాస్తే మంచిది, తర్వాత చింపేయాల్సి ఉంటుంది. మిమ్మల్ని బాధపెడుతున్న ప్రతి విషయాన్నీ ఒక్కో వాక్యంలో రాయండి. నియమం ఒక్కటే, వాక్యంలో చేసిన పని ఉండాలి. "నేను చెడ్డ కొడుకుని" అని రాస్తే కొట్టేయండి. "వైద్యానికి అన్నయ్య పంపిన డబ్బులో కొంత నా అప్పుకు కట్టుకుని, అంతా ఆస్పత్రికే అయిందని చెప్పాను" అని రాయండి. ఇలా రాయడం కష్టం. కానీ రాశాక దానికో హద్దు ఏర్పడుతుంది. ఇంత పొడవు, ఇంత వెడల్పు అని తెలుస్తుంది.

తర్వాత ఒక్కో వాక్యం పక్కన గుర్తు పెట్టండి. నేను చేసిన పాపం ఏది? వేరేవాళ్లు నా మీద చేసిన పాపం ఏది? ఎవరి పాపమూ కానిది ఏది?

ఈ మూడో భాగంలో ఎన్ని వాక్యాలు చేరతాయో చూసి చాలామంది ఆశ్చర్యపోతారు. నాన్న పోయిన రాత్రి ఫోన్ సైలెంట్‌లో ఉండి ఎత్తలేకపోయిన కూతురు ఏళ్ల తరబడి కుమిలిపోతుంది. గర్భం నిలవకపోతే ఆ బరువు ఎత్తకుండా ఉండాల్సిందని తల్లి తనను తాను తిట్టుకుంటుంది. బిడ్డ లోపంతో పుడితే ఏ పాపానికి ఫలితమో అని తల్లిదండ్రులు వెతుక్కుంటారు. ఇవి దుఃఖాలు, పాపాలు కావు. దుఃఖానికి ఓదార్పు కావాలి. క్షమాపణ అడిగితే అది తీరదు, ఎందుకంటే అక్కడ క్షమించడానికి ఏమీ లేదు. పుట్టుగుడ్డివాణ్ణి చూపించి ఎవరు పాపం చేశారని శిష్యులు అడిగితే, వీడైనా వీని కన్నవారైనా పాపం చేయలేదని యేసు యోహాను 9:3లో తేల్చి చెప్పాడు. సిలోయములో గోపురం కూలి పద్దెనిమిది మంది చనిపోయినప్పుడు కూడా, వాళ్లు మిగతావాళ్లకంటే ఎక్కువ అపరాధులనుకోవద్దన్నాడు. ఆ ఘటనను ఆయన అక్కడున్న అందరికీ మారుమనస్సు పొందమనే హెచ్చరికగా వాడాడు కానీ, చనిపోయినవాళ్ల మీద నింద మాత్రం వేయలేదు.

రెండో భాగం ఇంకా సున్నితమైంది. చిన్నతనంలో ఎవరైనా లైంగికంగా హింసించి ఉంటే, భర్త కొట్టి ఉంటే, బాధితులే ఆ సిగ్గును మోస్తారు. నేనే అవకాశమిచ్చానేమో అనుకుంటారు. రెండో సమూయేలు 13వ అధ్యాయంలో తామారు అమ్నోను చేత బలాత్కారానికి గురై, తల మీద బూడిద పోసుకుని ఏడుస్తూ వెళ్లింది. లేఖనం ఆమె మీద ఒక్క తప్పు కూడా మోపదు, దోషి ఎవరో స్పష్టంగా చెప్తుంది. మీ కాగితంలో అలాంటి వాక్యం ఉంటే, దాన్ని మీ పాపంగా దేవుని ముందు ఒప్పుకోకండి. "ప్రభువా, నాకు జరిగింది ఇది" అని చెప్పండి. కీర్తనల్లో చాలా వాటిలో ఇలాంటి ఫిర్యాదులే ఉన్నాయి.

కొన్ని వాక్యాలు కలగాపులగంగా ఉంటాయి. గొడవలో అవతలివాళ్లు పది మాటలన్నారు, మీరు రెండన్నారు. ఆ రెండు మాటలే మీవి. పదికీ బాధ్యత తీసుకోవడం వినయంలా కనిపిస్తుంది కానీ అది నిజం కాదు. దేవుని ముందు నిజమే చెప్పాలి.

మూడో అడుగు: మొదటి భాగాన్ని దేవునికి ఒప్పుకోండి, సమర్థించుకోకుండా

ఇక మిగిలినవి మీ పాపాలే. వీటిని చిన్నవి చేసి చూపించొద్దు. "అందరూ చేసేదే కదా" అని సర్దిచెప్పుకుంటే అపరాధ భావం కొంతకాలం తగ్గినట్టుంటుంది, తర్వాత రెట్టింపై వస్తుంది. 32వ కీర్తనలో దావీదు మౌనంగా ఉన్నంత కాలం తన ఎముకలు క్షీణించాయంటాడు. రాత్రింబగళ్లు దేవుని చెయ్యి తన మీద బరువుగా ఉంది, వేసవిలో సారం ఎండినట్టయింది అంటాడు. ఐదో వచనంలో నోరు తెరిచి ఒప్పుకున్నాడు, క్షమాపణ కూడా అదే వచనంలో ఉంది. ఒప్పుకోవడానికీ క్షమాపణకూ మధ్య గడువు కాలమేమీ లేదు.

ఎలా ప్రార్థించాలో తెలియకపోతే ఈ తీరులో చేయండి:

"ప్రభువా, నేను అన్నయ్యకు అబద్ధం చెప్పాను. ఆ డబ్బు నాది కాదు. అవసరం ఉంది నిజమే, కానీ అడగకుండా తీసుకున్నాను, అడిగినప్పుడు దాచాను. ఇది నీకు వ్యతిరేకంగా, అన్నయ్యకు వ్యతిరేకంగా చేసిన పాపం. యేసు దీని కోసం చనిపోయాడని నమ్ముతున్నాను. ఆయనను బట్టి నన్ను క్షమించు. దీన్ని సరిచేసే ధైర్యం ఇవ్వు."

ఇంతే. చివర్లో "నేను పురుగును, నీ పాదధూళిని" లాంటివి చేర్చాల్సిన పని లేదు. తప్పిపోయిన కుమారుడి కథను లూకా 15లో నిదానంగా చదవండి. పందుల దగ్గర కూర్చుని అతను ఒక ప్రసంగం తయారు చేసుకున్నాడు. దాని చివరి వాక్యం, "నన్ను నీ కూలివారిలో ఒకనిగా పెట్టుకొనుము". ఇంటికొచ్చాక ఇరవై ఒకటో వచనంలో ఆ ప్రసంగం మొదలుపెట్టాడు, పరలోకానికీ నీకూ విరోధంగా పాపం చేశానన్నాడు, నీ కుమారుడిననిపించుకోవడానికి యోగ్యుణ్ణి కాదన్నాడు. కూలివాడిగా పెట్టుకో అన్న మాట మాత్రం బయటికి రాలేదు. తండ్రి అప్పటికే బట్టలు తెమ్మని పనివాళ్లకు పురమాయిస్తున్నాడు. ఒప్పుకోలు వరకు విన్నాడు, తన కొడుకు తనకు తాను వేసుకున్న శిక్షను వినలేదు. మనం ప్రార్థనలో ఎక్కువ సమయం గడిపేది ఆ చివరి వాక్యం మీదే.

1 యోహాను 1:9 మనందరికీ కంఠతా వచ్చు. మన పాపాలను ఒప్పుకుంటే ఆయన "నమ్మదగినవాడును నీతిమంతుడును గనుక" క్షమిస్తాడని ఉంది. దయగలవాడు గనుక అని రాసి ఉంటే అర్థం చేసుకోవడం తేలిక. నీతిమంతుడు గనుక అంటున్నాడు. నీతిమంతుడైన న్యాయాధిపతి దోషిని ఊరికే వదలడు. కానీ ఆ దోషానికి శిక్ష సిలువ మీద అయిపోయింది కాబట్టి, దానికే రెండోసారి శిక్ష వేస్తే అది అన్యాయం అవుతుంది. అందుకే క్షమాపణ ఆయన మూడ్ మీద ఆధారపడి లేదు. మీకు క్షమాపణ పొందినట్టు అనిపించడం మీద అసలే ఆధారపడి లేదు.

ప్రార్థన అయ్యాక ఆ రోజు తేదీని బైబిల్లో ఈ వచనం పక్కన చిన్నగా రాసుకోండి. ఎందుకో ఆరో అడుగులో తెలుస్తుంది.

నాలుగో అడుగు: ఒక్క మనిషితో చెప్పండి

దీన్ని చాలామంది దాటేస్తారు. దేవునికి చెప్పాం కదా, మనిషికెందుకు అంటారు. యాకోబు 5:16 "మీ పాపములను ఒకనితోనొకడు ఒప్పుకొనుడి" అంటుంది. రహస్యంగా ఉన్నంతకాలం ఆత్మనింద బలంగా ఉంటుంది. దాని వాదన ఎప్పుడూ ఒకటే, "వీళ్లకు నిజం తెలిస్తే నీతో మాట్లాడరు" అని. నిజం తెలిసిన ఒక్క మనిషి మీతో మాట్లాడితే ఆ వాదన పడిపోతుంది. పైగా "నీ పాపం క్షమించబడింది" అన్న మాటను మన చెవులతో, ఇంకొకరి నోటి నుంచి వినడంలో ఉన్న బలం మనలో మనం అనుకోవడంలో లేదు. కతోలికులకు గురువు దగ్గర పాపసంకీర్తనం అనే ఏర్పాటు ఉంది, అక్కడ చెప్పింది బయటపెట్టకూడదని గురువుకు కఠినమైన నియమం కూడా ఉంది. ప్రొటెస్టెంట్ సంఘాల్లో అలాంటి ఏర్పాటు చాలాచోట్ల లేదు, అందుకే మనిషిని జాగ్రత్తగా ఎంచుకోవాలి.

ఎవరిని ఎంచుకోవాలి? ఇంతకుముందు వేరేవాళ్ల గుట్టు మీ దగ్గర విప్పని మనిషిని. ఇదే అన్నిటికంటే నమ్మకమైన కొలత. "ఫలానా సిస్టర్ కోసం ప్రార్థించండి, పాపం ఆమె సంగతి తెలుసుగా" అంటూ ప్రార్థన అంశాల రూపంలో కబుర్లు మోసేవాళ్లు ప్రతి సంఘంలోనూ ఉంటారు, వాళ్ల జోలికి పోవద్దు. వినగానే భయపడిపోయేవాళ్లూ వద్దు, "అదేం పెద్ద విషయం" అని తేల్చేసేవాళ్లూ వద్దు. స్త్రీలు స్త్రీలతో, పురుషులు పురుషులతో చెప్పుకోవడం క్షేమం. మొదటే వేదిక ఎక్కి సాక్ష్యంగా చెప్పకండి. గాయం ఇంకా పచ్చిగా ఉండగా మైకు పట్టుకుంటే, ఇంట్లోవాళ్ల పరువు కూడా దాంతో బజారున పడుతుంది.

ఐదో అడుగు: సరిచేయగలిగింది సరిచేయండి

నా అభిప్రాయంలో, క్షమించబడ్డాక కూడా వదలని అపరాధ భావానికి ఎక్కువసార్లు కారణం ఇదే. దేవునికి చెప్పాం, అవతలి మనిషికి ఇవ్వాల్సింది ఇవ్వలేదు. మనస్సాక్షి తన పని తాను చేస్తోంది, దాన్ని తప్పుపట్టలేం. మత్తయి 5:23, 24లో యేసు చెప్పిన వరస చూడండి. బలిపీఠం దగ్గరికి వచ్చాక, సహోదరునికి మీ మీద ఏదో విరోధం ఉందని గుర్తొస్తే, అర్పణను అక్కడే వదిలిపెట్టి ముందు వెళ్లి సమాధానపడమన్నాడు. సంఖ్యాకాండం 5:7 ప్రకారం అపరాధి అసలుకు ఐదో వంతు కలిపి ఇవ్వాలి. జక్కయ్య నాలుగంతలు ఇస్తానన్నాడు. అయితే జక్కయ్య ఇస్తానన్నది యేసు అతని ఇంటికి వచ్చాకే. ముందు ఇచ్చి, ఆ తర్వాత ఆయనను ఇంటికి రప్పించుకోలేదు. ఈ వరస మరిచిపోతే సరిచేయడం కాస్తా ప్రాయశ్చిత్తంగా మారుతుంది, ఎంతిచ్చినా చాలదనిపిస్తుంది.

క్షమాపణ అడిగేటప్పుడు మాటలు చూసుకోండి. "నిన్ను బాధపెట్టి ఉంటే సారీ" అన్నది క్షమాపణ కాదు. "నీ డబ్బు ఇంత వాడుకున్నాను, అడిగితే అబద్ధం చెప్పాను. తప్పు నాది. వచ్చే మూడు నెలల్లో తిరిగి ఇస్తాను. నన్ను క్షమించమని అడుగుతున్నాను" అనండి. అక్కడితో ఆగండి. కారణాలు చెప్పకండి, ఏడ్చి వాళ్లే మిమ్మల్ని ఓదార్చేలా చేయకండి, వెంటనే జవాబు చెప్పమని ఒత్తిడి చేయకండి. వాళ్లు క్షమించకపోవచ్చు. అది వాళ్ల నిర్ణయం, దానికి సమయం పట్టొచ్చు. మీ వంతు చేశారు. "శక్యమైతే మీ చేతనైనంత మట్టుకు" సమాధానంగా ఉండమని రోమా 12:18 చెప్తుంది, చేతకానిదానికి మిమ్మల్ని బాధ్యుల్ని చేయదు.

కొన్నిచోట్ల ఆలోచించి అడుగు వేయాలి. మీరు లోలోపల అసూయపడిన మనిషికి ఆ సంగతే తెలియకపోతే, వెళ్లి చెప్పడం వల్ల మీ మనసు తేలికవుతుందేమో, ఆ మనిషి మనసు బరువెక్కుతుంది. వివాహబంధంలో జరిగిన ద్రోహం లాంటివి ఎప్పుడు, ఎలా చెప్పాలో ముందు అనుభవమున్న కాపరితోనో కౌన్సెలర్‌తోనో మాట్లాడండి. చేసింది చట్టప్రకారం నేరమైతే దేవుని క్షమాపణ చట్టాన్ని రద్దు చేయదు. ముఖ్యంగా ఒక బిడ్డకు హాని జరిగి ఉంటే, దాన్ని సంఘంలోనే "కృపతో" కప్పిపెట్టడం ఆ బిడ్డకు రెండోసారి చేసే అన్యాయం. అధికారులకు చెప్పాల్సిందే.

నష్టపోయినవాళ్లు చనిపోయారు, లేదా ఎక్కడున్నారో తెలియదు. అప్పుడేం చేయాలి? జాన్ న్యూటన్ జీవితం ఇక్కడ పనికొస్తుంది. బానిసలను రవాణా చేసే ఓడలకు కెప్టెన్‌గా పనిచేసినవాడు. 1748లో తుఫానులో చిక్కుకుని దేవుని వైపు తిరిగాడు, అయినా ఆ వ్యాపారంలోనే కొనసాగి 1754లో సముద్రయానం మానేశాడు. ఆయన అమ్మిన మనుషులను వెతికి తెచ్చే మార్గం లేదు. 1788లో, వృద్ధాప్యంలో, తాను ఓడల్లో చూసినవి, చేసినవి దాచకుండా రాసి ఆ వ్యాపారానికి వ్యతిరేకంగా ప్రచురించాడు. బ్రిటన్ పార్లమెంటు 1807లో ఆ వ్యాపారాన్ని నిషేధించింది. అదే సంవత్సరం డిసెంబరులో ఆయన చనిపోయాడు. నోరు విప్పడానికి మూడు దశాబ్దాలు పట్టడం మెచ్చుకోవాల్సిన విషయమేమీ కాదు. కానీ ఆలస్యమైందని ఊరుకోకుండా, తనకు తెలిసిన నిజంతో చేయగలిగింది చేశాడు. మీరు దొంగిలించిన మనిషి లేకపోతే ఆ కుటుంబానికి ఇవ్వండి. కుటుంబం కూడా లేకపోతే అలాంటి అవసరంలో ఉన్నవాళ్లకు ఇవ్వండి.

ఆరో అడుగు: అది మళ్లీ వచ్చినప్పుడు

వస్తుంది. ఇంత చేశాక కూడా ఒక రాత్రి వస్తుంది. అప్పుడు చేయాల్సింది, చేయకూడనిది ముందే నిర్ణయించుకోండి.

చేయకూడనిది: అదే పాపాన్ని మళ్లీ ఒప్పుకోవడం. తీరిపోయిన అప్పుకు మళ్లీ కిస్తీ కట్టినట్టే అది. బైబిల్లో రాసుకున్న తేదీ తెరిచి చూడండి. "ప్రభువా, ఇది ఆ రోజు నీకు అప్పగించాను, క్షమించినందుకు స్తోత్రం" అని ఒక్క వాక్యం చెప్పి, పక్క మీద నుంచి లేచి మంచినీళ్లు తాగి, కాసేపు వేరే పని చూసుకుని పడుకోండి. చీకట్లో పడుకుని దానితో వాదన పెట్టుకోవద్దు, గెలవలేరు.

జెకర్యా 3వ అధ్యాయంలో ప్రధానయాజకుడైన యెహోషువ మలిన వస్త్రాలతో దేవదూత ముందు నిలబడి ఉన్నాడు. పక్కనే సాతాను నేరం మోపడానికి సిద్ధంగా ఉన్నాడు. బట్టలు మురికిగానే ఉన్నాయి, ఫిర్యాదు పూర్తిగా అబద్ధమేం కాదు. ఆ దృశ్యమంతటిలో యెహోషువ ఒక్క మాట మాట్లాడడు. సాతానును గద్దించింది యెహోవా. మైల బట్టలు తీసేయమన్నదీ, ప్రశస్తమైన బట్టలు తొడిగించిందీ అవతలివారే. మీ తరఫున మాట్లాడే ఉత్తరవాది ఒకడు తండ్రి దగ్గర ఉన్నాడని 1 యోహాను 2:1 చెప్తుంది. లాయరును పెట్టుకున్నాక కక్షిదారు మధ్యలో లేచి కేసు పాడుచేయకూడదు.

"దేవుడు క్షమించాడని తెలుసు, నన్ను నేనే క్షమించుకోలేకపోతున్నాను" అనే మాట తరచూ వింటాం. మిమ్మల్ని మీరు క్షమించుకోమని బైబిలు ఎక్కడా అడగలేదు. 1 కొరింథీయులకు 4:3, 4లో పౌలు "నన్ను నేనే విమర్శించుకొనను" అంటాడు, తనను విమర్శించేవాడు ప్రభువే అంటాడు. ఆ న్యాయపీఠం మీది కాదు. పై కోర్టు తీర్పు ఇచ్చాక కింది కోర్టులో కేసు నడపడం ఆపితే చాలు. మన హృదయం మన మీద దోషారోపణ చేసినా దేవుడు మన హృదయం కంటే అధికుడని యోహాను మొదటి పత్రిక 3:20 చెప్పేది కూడా ఇదే.

జ్ఞాపకం మాత్రం పోకపోవచ్చు. "వెనుక ఉన్నవి మరచి" అని ఫిలిప్పీయులకు రాసిన పౌలు, స్తెఫనును రాళ్లతో చంపుతున్నప్పుడు తాను పక్కన నిలబడి వాళ్ల బట్టలకు కావలి ఉన్న సంగతిని అపొస్తలుల కార్యములు 22లో తన నోటితోనే చెప్పాడు. మరచిపోలేదన్నమాట. ఆ జ్ఞాపకం అతని చేతులు కట్టేయలేదు, అంతే. మీకూ గుర్తొస్తుంది, కొంచెం నొప్పిగా ఉంటుంది, అది క్షమాపణ రాలేదనడానికి రుజువు కాదు.

రెండో అడుగులో రాసిన కాగితాన్ని, సరిచేయాల్సినవి పూర్తయ్యాక, చింపి పారేయండి. దాచుకోవద్దు.

ఏడో అడుగు: బల్లకు దూరంగా ఉండకండి

అపరాధ భావంతో ఉన్నవాళ్లు ముందు మానేసేది ప్రభురాత్రి భోజనం. కారణంగా 1 కొరింథీయులకు 11:27 చూపిస్తారు, అయోగ్యంగా తింటే శిక్ష అని. ఆ తర్వాతి వచనం చదవాలి. "ప్రతి మనుష్యుడు తన్ను తాను పరీక్షించుకొనవలెను, ఆలాగుచేసి ఆ రొట్టెను తిని, ఆ పాత్రలోనిది త్రాగవలెను." పరీక్షించుకుని దూరంగా ఉండమని లేదు, పరీక్షించుకుని తినమని ఉంది. కొరింథులో జరిగిన అసలు తప్పు ఆ పైవచనాల్లోనే కనిపిస్తుంది. కొందరు ముందే కడుపునిండా తిని తాగి మత్తులో ఉంటే, లేనివాళ్లు ఆకలితో కూర్చున్నారు. విరిగిన మనసుతో వచ్చినవాళ్లను పౌలు ఆపడం లేదు. వదలనని మొండికేసి, పాపంలో కొనసాగుతూ చేయి చాపేవాళ్ల విషయం వేరు, వాళ్లకు ఈ అడుగు కంటే మూడో అడుగు అవసరం.

ఇది ఆధ్యాత్మిక సమస్య మాత్రమేనా?

కొందరికి కాదు. పై అడుగులన్నీ నిజాయితీగా చేసినా ఒక్కరోజు కూడా ఊరట దొరకడం లేదంటే, ఒప్పుకోలు సరిగ్గా చేశానో లేదో అని గంటల తరబడి మళ్లీ మళ్లీ చేయాలనిపిస్తుంటే, ప్రార్థనలో ఒక మాట తప్పితే మొదటి నుంచి మొదలుపెడుతుంటే, దేవదూషణ ఆలోచనలు వద్దన్నా వచ్చి భయపెడుతుంటే, అది ఓసీడీలో (వద్దన్నా ఒకే ఆలోచన, ఒకే పని మళ్లీ మళ్లీ వెంటాడే మానసిక సమస్య) మతపరమైన రూపం కావచ్చు. కొత్త జబ్బేమీ కాదు. ప్రొటెస్టెంట్ ఉద్యమానికి నాంది పలికిన మార్టిన్ లూథర్ మఠంలో ఉన్న రోజుల్లో గంటల తరబడి పాపాలు ఒప్పుకుని, బయటికి రాగానే ఇంకోటి గుర్తొచ్చి మళ్లీ వెళ్లేవాడు. తర్వాత జెస్యూట్ సభను స్థాపించిన ఇగ్నేషియస్ లొయోలా 1522లో స్పెయిన్‌లోని మన్రేసాలో ఇలాగే బాధపడి, ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన దాకా వెళ్లి, చివరికి పాత పాపాలను ఇక మళ్లీ ఒప్పుకోకూడదని నిర్ణయించుకున్నాకే బయటపడ్డాడు. ఇప్పుడు దీనికి మంచి చికిత్స ఉంది. భయం పుట్టినా ఆ పని మళ్లీ చేయకుండా ఉండటాన్ని మెల్లగా అలవాటు చేసే థెరపీ ఉంది, అవసరమైతే మందులూ ఉన్నాయి. డిప్రెషన్‌లో కూడా కారణం లేని అపరాధ భావం ఒక లక్షణమే. సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్లడం అవిశ్వాసం కాదు, షుగరుకు మందు వేసుకోవడం ఎలా అవిశ్వాసం కాదో అలాగే.

"క్షమాపణ లేని పాపం చేశానేమో" అనే భయం కూడా ఇలాంటివారినే ఎక్కువగా పట్టుకుంటుంది. మత్తయి 12లో యేసు ఆ మాట అన్నది, దయ్యాలు వదలడం కళ్లారా చూసి కూడా ఇది దయ్యాల అధిపతి బయెల్జెబూలు పని అని మొండిగా అన్న పరిసయ్యులతో. అలాంటివాళ్లకు క్షమాపణ గురించిన దిగులే ఉండదు. మీకు దిగులుంది.

చనిపోతే బాగుండు అనే ఆలోచన వస్తుంటే ఈ వ్యాసం ఇక్కడితో ఆపి, ఇప్పుడే, పక్కనున్న ఒక మనిషికి ఆ మాటను ఉన్నదున్నట్టు చెప్పండి, వాళ్లతో కలిసి ఆస్పత్రికి వెళ్లండి. ఇంట్లో ఎవరైనా అలా అంటే ఉపవాస ప్రార్థన పెడదామని వాయిదా వేయకండి. ప్రార్థన దారిలో కూడా చేసుకోవచ్చు.

మళ్లీ పడిపోతే

అదే పాపంలో మళ్లీ పడ్డప్పుడు ఆత్మనింద గొంతు రెట్టింపవుతుంది. "మొన్నటి ఒప్పుకోలు నాటకమే" అంటుంది. లూకా 17:4లో, ఒకే రోజు ఏడుసార్లు తప్పు చేసి ఏడుసార్లూ తిరిగొచ్చి మారుమనస్సు పొందానంటే క్షమించమని యేసు మనకు ఆజ్ఞాపించాడు. మననుంచి అంత అడిగినవాడు తాను అంతకంటే తక్కువ ఇవ్వడు. కాబట్టి మూడో అడుగు మళ్లీ చేయండి, ఈసారి కొత్తగా జరిగినదానికి మాత్రమే, పాతదాన్ని కలపకుండా.

దానితో పాటు ఒక ప్రశ్న వేసుకోండి: పడింది ఎక్కడ, ఎన్ని గంటలకు, ఎవరితో, చేతిలో ఏముండగా? చాలామందికి జవాబు ప్రతిసారీ ఒకటే వస్తుంది. రాత్రి పదకొండు తర్వాత ఫోన్ అయితే ఫోన్‌ను వేరే గదిలో చార్జింగ్ పెట్టండి. జీతం పడిన రోజు అయితే ఆ రోజే డబ్బు ఇంట్లోవాళ్ల చేతికి ఇవ్వండి. ఫలానా స్నేహితుడైతే అతన్ని కలవడం మానండి, మొహమాటపడొద్దు. నాలుగో అడుగులో మాట్లాడిన మనిషికి అదే రోజు ఒక మెసేజ్ పెట్టండి, "మళ్లీ జరిగింది, రేపు మాట్లాడాలి" అని. పొడుగ్గా రాయక్కర్లేదు. పొద్దున్నే కాల్ చేస్తారు, ఎత్తండి.